అట్ట ఇంటికి మెట్లు

వరహాలుకి కోపం ముక్కు మీద ఉంటుందని నూకాలమ్మ సందులో అందరూ అంటారు. ఆ మాట తప్పు. ముక్కు మీద ఉండే కోపం తుమ్మితే పోతుంది. వరహాలుది అలా పోయే రకం కాదు. రెండేళ్లుగా ఆ కోపాన్ని అన్నంతో పాటు తింటున్నాడు, దాంతోనే పడుకుంటున్నాడు, పొద్దున్న లేస్తే ముందు దాని ముఖమే చూస్తున్నాడు. ఊరి మీదా లోకం మీదా వచ్చిన కోపమైతే ఏదో ఒకనాటికి చల్లారేది. దీనికి పేరూ అడ్రసూ ఉన్నాయి. పేరు సత్యం. అడ్రసు, అదే సందు మలుపులో రెండంతస్తుల ఇల్లు. గుమ్మం ముందు, సందులోకి పొడుచుకొచ్చిన నాలుగు మెట్లు.

సత్యం పరాయివాడు కాదు. వరహాలు భార్య గౌరీశ్వరికి తోడబుట్టిన అన్న. చోడవరం దగ్గర పల్లెలో చెరకు పొలం చేతులు మారిపోయాక వరహాలు విశాఖపట్నం వచ్చి పోర్టు దగ్గర పనికి కుదిరాడు. లారీలకి ఎరువు బస్తాలు ఎత్తాక పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించే పని. సత్యం అప్పట్లో దగ్గర్లోనే ఓ వర్క్‌షాపులో ఫిట్టరు. టీ బడ్డీ దగ్గర ఇద్దరికీ పరిచయం. ఇక్కడి మగాళ్లు ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా బావా అనే పిలుస్తారు. వీళ్లూ అలాగే పిలుచుకున్నారు. పిలవగా పిలవగా ఒకరోజు సత్యం, "ఊరికే బావా బావా అంటన్నాం, నిజం సేసేద్దామేటి? మా సెల్లి ఉన్నాది" అన్నాడు. అలా కుదిరింది పెళ్లి. మల్కాపురంలో స్థలాలు కొన్నప్పుడూ కలిసే కొన్నారు. మలుపులో సత్యం, సందు లోపలికి వరహాలు.

వరహాలు పనిమంతుడు. అతను తాడు బిగించిన లారీ ఒడిశా ఘాట్లన్నీ ఎక్కి దిగినా పైన బస్తా కదిలేది కాదు. డ్రైవర్లు ఏరికోరి అతన్నే పిలిపించుకునేవారు. ఎవరితోనూ గొప్పలు చెప్పుకోడు గానీ ఆ ఒక్క విషయంలో మాత్రం కాస్త గర్వం ఉండేది. భుజం పట్టేశాక ఆ పని మానేసి, గాజువాకలో ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ దాచే గోడౌన్‌లో గేటు దగ్గర కూర్చునే ఉద్యోగంలో చేరాడు.

ఇక మెట్ల సంగతి. ఆ సందులో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. రోడ్డు లేచేకొద్దీ ఇళ్లు కిందికి దిగిపోతాయి. వానాకాలం వచ్చిందంటే నీళ్లు గడప దాటి మంచాల కిందికి చేరతాయి. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు ఇంటి నేల ఎత్తు చేయించుకున్నారు. సత్యం కూడా చేయించాడు. నేల లేచేసరికి గుమ్మం పైకిపోయింది, ఎక్కడానికి మెట్లు కావాలి. లోపల కడితే హాల్లో జాగా పోతుంది. అందుకని బయట సందులో కట్టాడు. సందులో కట్టనివాళ్లెవరు లెండి, అందరూ ఓ గట్టో బండో కట్టినవాళ్లే. కానీ సత్యానిది మలుపు. మలుపులో జానెడు జాగా పోయినా సందు మొత్తం పోయినట్టే.

గౌరి అన్నకి చెప్పింది. ఒకసారి కాదు, పండక్కి వెళ్లినప్పుడల్లా చెప్పింది. "అన్నియ్యా, ఆ మెట్లు పక్కకి తిప్పీరా. గేస్ బండి కూడా తిరగట్లేదు. ముసలోళ్లు మోకాళ్లు కొట్టుకుంతన్నారు." సత్యం నవ్వేసేవాడు. "తిప్పుతానే సెల్లీ. ప్లాస్టింగ్ అయిపోనీ. తరవాత సూద్దాం." ప్లాస్టింగ్ అయింది. రంగులు అయ్యాయి. మేడ మీద ఇంకో గది కూడా అయింది. మెట్లు అక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత వానాకాలంలో గౌరికి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన వారంలోపే పోయింది.

పాడె ఎత్తారు. మగపిల్లలు లేరు, కాబట్టి నిప్పుకుండ పట్టుకుని వరహాలే ముందు నడిచాడు. మోసేవాళ్లలో ముందువాళ్లు మలుపు తిరిగారు. వెనకవాళ్లు తిరగలేకపోయారు. వెదురు సత్యం మెట్లకి తగిలి ఆగిపోయింది. శవాన్ని సందులో దించకూడదన్నారు పెద్దవాళ్లు, దింపుడు కళ్లం దాకా భుజం దిగకూడదు. వెనక్కి నడవనూ కూడదు. ఎవడో తెలివైనవాడు, "ఎత్తి పక్కకి వాల్చి తిప్పండ్రా" అన్నాడు. వాల్చారు. గౌరి తాళ్ల కిందనుంచి పక్కకి జారింది. తల వెళ్లి మెట్టు అంచుకి కొట్టుకుంది. పెద్ద శబ్దమేం కాదు. ముందు నడుస్తున్న వరహాలుకి వినబడింది. వెనక్కి చూడకూడదని చెప్పినా చూశాడు.

లారీ మీద బస్తాని జారనివ్వని మనిషి భార్య పాడె మీంచి జారింది. దానికి కోపం రాకపోతే ఇంక దేనికి రావాలో మీరే చెప్పండి.

శవం దాటాక వాకిట్లో నీళ్లు చల్లుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ సత్యం భార్య కామేశ్వరి అంతసేపు ఆగలేకపోయింది. పాడె మెయిన్ రోడ్డు ఎక్కకముందే బకెట్టు తెచ్చి మెట్ల మీద కుమ్మరించింది. ఆ నీళ్లు పారుకుంటూ వచ్చి మోసేవాళ్ల కాళ్లు తడిపాయి.

సత్యం శ్మశానానికి వచ్చాడు. ఏడ్చాడు. పెద్దకర్మ రోజు దగ్గరుండి భోజనాలు వడ్డించాడు. మెట్ల గురించి మాత్రం నోరు విప్పలేదు. వరహాలు ఎదురుచూశాడు. అతనికి కావలసింది కాళ్ల మీద పడటం కాదు. నా మెట్ల వల్లే అలా అయింది బావా అనే ఒక్క మాట. ఆ మాట వస్తుందని నెలలు చూశాడు. రాలేదు. దాంతో మాటలు మానేశాడు. ఎదురుపడితే గోడ వైపు చూస్తూ పోయేవాడు. సందు చిన్నది, రోజూ ఎదురుపడేవారు.

ఇలా ఉండగా ఈ వేసవిలో జ్యోతిర్మయి అనే అమ్మాయి సందులోకి వచ్చింది. ఉండేది మద్దిలపాలెం, చదివింది బొమ్మల చదువు. వాడవాడకీ తిరిగి అక్కడి జనం చేతే వాళ్ల వీధిని అట్టలతో కట్టిస్తుందట. అన్ని వాడలూ కలిపి చివర్న బీచ్ రోడ్డులో ఓ హాల్లో పెద్ద అట్టల విశాఖపట్నంగా పేరుస్తారట. సందు మొదట్లో ఉన్న కమ్యూనిటీ హాల్లో నేల మీద ప్లైవుడ్ పరిచి, సుద్దముక్కతో సందూ మలుపూ గీసింది. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఎవరిల్లు వాళ్లే కట్టాలి, ఉన్నది ఉన్నట్టు కట్టాలి.

వరహాలుని లాక్కొచ్చింది కూతురు శ్రీసత్య. అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో చేస్తుంది, ఆదివారం సెలవు.

"అట్టపెట్టెలు నీ గోడౌన్లో బోలెడు గదా నాన్నా. తెచ్చిపెట్టు."

"సిన్నపిల్లల ఆటలేటే ఇవి?" అని విసుక్కున్నాడు గానీ ఆదివారం ఆటో నిండా ఖాళీ పెట్టెలు వేసుకుని వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేక కత్తెర పట్టాడు. తన ఇల్లు తను కట్టాడు. తలుపుకి నీలం రంగు వేశాడు, అది గౌరి ఎంచిన రంగు. చేస్తున్నంతసేపూ ఎవరి మీదా కేకలు వేయలేదని శ్రీసత్య తర్వాత అందరికీ చెప్పుకుంది.

సందు సందంతా దిగింది ఆ పనిలోకి. ఉన్నది ఉన్నట్టు అంటే ఎవరు వింటారు? తవిటయ్య ఒక అంతస్తు ఉన్న ఇంటికి రెండు అంతస్తులు పెట్టాడు. అదేమని అడిగితే, "మేస్త్రీతో మాటాడీసేను, కట్టేసినట్టే" అన్నాడు. ఒకావిడ పెచ్చులూడిన గోడని నున్నగా చేసేసింది. ఇంకొకావిడ లేని మొక్కలు పెట్టుకుంది. కుళాయి ఎవరింటి ముందు రావాలన్న దాని మీద నిజం కుళాయి దగ్గరకన్నా ఎక్కువే అరుచుకున్నారు. గోనెసంచులు నలిపి సింహాచలం కొండ చేశారు, దాని పాదాల దగ్గరే పోర్టు క్రేన్లు పెట్టారు. మధ్యలో ఉన్న ఊరంతా ఏమైందని ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి ఆదివారం సత్యం తన ఇల్లు పట్టుకొచ్చాడు. ఫిట్టరు చెయ్యి కదా, చూడముచ్చటగా చేశాడు. కిటికీలకి ఊచలు, మేడ మీద నీళ్ల ట్యాంకు, గోడలకి సున్నంలాంటి రంగు. తెచ్చి మలుపులో పెట్టాడు. జనం చుట్టూ మూగారు. గుమ్మం మాత్రం గాల్లో ఉంది.

"ఇంట్లోకి ఎలా ఎక్కుతావురా, ఎగురుకుంటూనా?" అన్నాడు తవిటయ్య. అందరూ నవ్వారు. సత్యం కూడా నవ్వాడు.

"మెట్లేవి?"

ఆ అడిగింది వరహాలు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. మాటలు మానేశాక అతను సత్యంతో అన్న మొదటి మాట అది.

సత్యం తలెత్తకుండా ఇంటి కప్పు సర్దుతూ, "అట్ట సాల్లేదు బావా. తరవాత సూద్దాం" అన్నాడు.

తరవాత సూద్దాం. గౌరికి చెప్పిన మాట, అక్షరం మారలేదు. వరహాలు లేచి మూలకి వెళ్లాడు. ఆటోలో తను తెచ్చిన పెట్టెలు అక్కడే దొంతరగా ఉన్నాయి. వాషింగ్ మిషన్ పెట్టె ఒకటి, ఫ్రిజ్ పెట్టె ఒకటి తీసి సత్యం కాళ్ల దగ్గర విసిరేశాడు.

"ఇదేటి మరి? సందు అంతటికీ నాను తెచ్చిన అట్ట. నాలుగు మెట్లకి నీకు సాల్లేదా?"

జ్యోతిర్మయికి విషయం తెలియదు. "బాబాయ్ గారూ, చిన్న డీటెయిలే కదా. నేను అతికించేస్తాను, మీరు కూర్చోండి" అంది.

"నువ్వు అతికించొద్దు తల్లీ. ఎవలిల్లు ఆలే కట్టాలన్నావు. ఉన్నది ఉన్నట్టన్నావు."

కామేశ్వరికి ఒళ్లు మండింది. "మెట్లు లేకపోతే ఇల్లు బాగా కనబడతన్నాదని తీసేసేం. బొమ్మే గదా. దీనిక్కూడా తగువేటి తమ్ముడూ?"

"బొమ్మలో తీసేసేరు" అన్నాడు వరహాలు. "బొమ్మలో తీడానికి సేతులొచ్చినాయి మీకు."

అని హాల్లోంచి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా అతను మనిషిలా లేడు. గోడౌన్‌లో లారీవాళ్లతో గొడవపడ్డాడు, ఇంట్లో కంచం తోసేశాడు. జనం, అట్టముక్కల కోసం ఇంత రాద్ధాంతమేమిటి అనుకున్నారు. అనుకునేవాళ్లకేం తెలుసు? రేపు బీచ్ రోడ్డులో ఊరు ఊరంతా వచ్చి చూసేది ఆ అట్టల సందునే. ఎంత బాగుందీ మలుపు, ఎంత వెడల్పు అనుకుంటారు. గౌరి ఆ సందులోంచి మహారాణిలా వెళ్లిపోయిందని అనుకుంటారు. మెట్లే లేకపోతే తల తగిలేదెక్కడ? సత్యం ఈ రెండేళ్లూ నోరు విప్పకుండా దాచాడు. ఇప్పుడు కత్తెర పుచ్చుకుని అసలు జరగనే లేదనిపించేశాడు. వరహాలుకి తట్టుకోలేనిది అదే. చేసిన పని కన్నా, దాన్ని లేకుండా చేయడం.

గోడౌన్‌లో భోజనాల వేళ కూర్చుని నాలుగు మెట్లు చేశాడు. అవి అయ్యాక చీపురుపుల్లలు విరిచి, దారం చుట్టి, ఇంకొకటి చేశాడు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే శ్రీసత్య చూసింది.

"ఇదేటి నాన్నా?"

"కనబడతన్నాది గదా."

చీపురుపుల్లల పాడె. మోయడానికి అటూ ఇటూ కొమ్ములు, మధ్యలో అడ్డపుల్లలు, తాళ్లు కూడా.

"వద్దు నాన్నా. పిల్లలొస్తారక్కడికి. అమ్మ ఉంటే ఇలగ సెయ్యనిచ్చీదా?"

"అమ్మ ఉంటే పాడెందుకే?"

ఆ రోజు మలుపు దాకా మోసేవాళ్ల వెనకే నడిచింది శ్రీసత్య. తండ్రి విన్నది శబ్దం, తను చూసింది కళ్లతో. లోపలి గదిలోకి వెళ్లి, తల్లి పాత జాకెట్టు ముక్క ఒకటి కత్తిరించి తెచ్చి పాడె పక్కన పెట్టింది.

ఆదివారం హాలు నిండుగా ఉంది. వరహాలు నేరుగా మలుపు దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి మెట్లు తీసి, ఫెవికాల్ రాసి, సత్యం ఇంటి గుమ్మానికి అతికించాడు. ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాడు. సత్యం ఎదురుగానే గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆపలేదు.

జిగురు ఆరింది. వరహాలు సంచిలోంచి పాడె తీశాడు. దాని మీద జాకెట్టు ముక్క చుట్టి పడుకోబెట్టి ఉంది.

"ఇక్కడ ఎత్తేం" అన్నాడు నీలం తలుపు దగ్గర పెట్టి. ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు, అందరికీ వినబడేట్టు చెప్పాడు. రెండు చేతులతో పట్టుకుని ప్లైవుడ్ మీద సందులో నడిపించాడు. తవిటయ్య ఉత్తుత్తి అంతస్తు దాటింది, కుళాయి దాటింది. మలుపు దగ్గర ముందు కొమ్ములు తిరిగాయి. వెనకవి అట్ట మెట్లకి తగిలి ఆగాయి.

"ఇక్కడ ఆగినాది. దించకూడదన్నారు. ఎనక్కి నడవకూడదన్నారు. ఇలగ వాల్చండన్నారు."

వాల్చాడు. గుడ్డముక్క జారి మెట్టు మీద పడింది. అట్ట కాబట్టి ఏ శబ్దమూ రాలేదు. వరహాలు వేలి కణుపుతో ప్లైవుడ్ మీద ఒక్కసారి కొట్టాడు.

"ఇలగ ఇనబడినాది."

జ్యోతిర్మయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది తను ఏ సందులోకి వచ్చిందో.

ముందుగా తేరుకున్నది కామేశ్వరి. "ఇళ్ల మజ్జిని పాడె పెడతావేటి? పిల్లా పాపా తిరిగే సోట అశుభం గాదా. ఎవలైనా కాసిన్ని నీళ్లు తెచ్చి సల్లండే" అంది.

హాల్లో ఉన్న ఆడవాళ్లంతా తలలు తిప్పి ఆవిడ వైపు చూశారు. నీళ్లు తేవడానికి ఒక్కరూ లేవలేదు. ఆవిడకీ ఏదో గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

సత్యం లేచాడు. బయటికి వెళ్లిపోయాడు. చెప్పులు హాలు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

వరహాలు పాడె తీసి సంచిలో పెట్టుకున్నాడు. మెట్లు మాత్రం ముట్టుకోలేదు. గెలిచినట్టు అనిపిస్తుందేమో అనుకున్నాడు. అలాంటిదేం అనిపించలేదు.

మర్నాడు పొద్దున్న వరహాలు డ్యూటీకి తయారవుతుంటే సందులో సమ్మెట దెబ్బ వినబడింది. తర్వాత ఇంకోటి. బయటికి వచ్చి చూస్తే మలుపులో సత్యం. లుంగీ ఎగ్గట్టి, బనీనుతో, ఒక్కడే తన ఇంటి మెట్లు పగలగొడుతున్నాడు. అసలైన మెట్లు.

క్షణాల్లో జనం చేరారు. తవిటయ్య పరుగున వచ్చి వరహాలు భుజం తట్టాడు. "దిగొచ్చినాడురా సత్యం. ఇంకేటి, నీ మాటే నెగ్గినాది. ఇకనైనా కోపం ఒగ్గీ." పక్కింటివాళ్లు కూడా వరహాలు వంక చూసి నవ్వుతున్నారు, అతని ఇంట్లో శుభకార్యం అయినట్టు.

వరహాలు భోజనం క్యారేజీ చేత్తో పట్టుకుని తన వాకిట్లో నిలబడే చూశాడు. మొదటి మెట్టు పగిలినప్పుడు గుండె కాస్త తేలికపడింది, అబద్ధమెందుకు. ఆ మెట్టే కదా, ఆ అంచే కదా. పగలనీ అనుకున్నాడు. రెండో మెట్టు ఇంకా తేలిగ్గా పోయింది. పైన పల్చటి సిమెంటు పూత, లోపల విరిగిన ఇటుకలూ ఇసుకా. గునపం పెట్టి ఎత్తితే పెళ్లలు పెళ్లలుగా లేచొస్తున్నాయి. అక్కణ్ణుంచి వరహాలు ముఖం మారిపోసాగింది. ఇడ్లీ బండి సందులోకి వచ్చే వేళకి మొదలైన పని, బండి తిరిగి వెళ్లేసరికి అయిపోయింది. మెట్లున్న చోట ఇటుకల కుప్ప మిగిలింది. మలుపు విశాలంగా ఉంది.

సత్యం సమ్మెట కింద పెట్టి, చేతి వెనక భాగంతో కళ్ల మీద దుమ్ము తుడుచుకున్నాడు.

"అయిపోనాది బావా."

వరహాలు దగ్గరికి నడిచి వెళ్లాడు. జనం దారి ఇచ్చారు. ఇద్దరూ కౌగిలించుకుంటారని చూస్తున్నారు.

"ఇంతేనా?" అన్నాడు వరహాలు.

సత్యం సమ్మెట వంక చూశాడు.

"ఇంతేనా ఈ పని? కూలోడు కూడా అక్కర్లేదు. మేస్త్రీ అక్కర్లేదు. ఒక్క పూట. ఒక్క పూట కూడా కాదు." అతని గొంతు పెద్దదవలేదు, అదే భయంగా ఉంది వినేవాళ్లకి. "ఎన్ని పండగలు అడిగినాదిరా అది నిన్ను? అడిగినప్పుడల్లా నువ్వు నవ్వినావు. నీతో పాటు అదీ నవ్వి ఊరుకున్నాది. మా అన్న సేత్తాడులే అని నాకే సెప్పినాది. కొండ తవ్వాలేమో అనుకున్నాను నాను ఇన్నాళ్లూ. ఇంత పనికా దాని తల అలగ తగిలినాది?"

"తీసేసేడు గదా వరహాలూ, ఇంకా ఏటి..." అని తవిటయ్య కల్పించుకోబోయాడు.

"నువ్వుండు."

సత్యం ఇటుకల కుప్ప మీదే కూలబడ్డాడు. తన చేతులు చూసుకున్నాడు.

"నాకు తెల్దనుకున్నావా బావా" అన్నాడు. "దాన్ని కాల్చొచ్చిన సాయంత్రమే గునపం తీసినాను. ఒక్క దెబ్బ ఏసినాను. పెచ్చు లేచిపోనాది, లోన ఇటికలు కనబడినాయి. ఎంతసేపు పడతాదో అప్పుడే తెలిసిపోనాది. ఇంక సెయ్యి లెగలేదు. పడగొట్టీస్తే సందు అంతా సూత్తాది గదా, ఇంత పనికి సెల్లెల్ని అలగ పంపినాడని. ఊడిన సోట మళ్లీ సిమెంటు రాసి మూసీసేను. ఉంటేనే నయం అనుకున్నాను. ఎక్కినప్పుడల్లా దిగినప్పుడల్లా..." కళ్లు తుడుచుకున్నాడు. "అట్టతో సేద్దామని కూకున్నాను. అన్నీ సేసేను. అవి సెయ్యడానికి సెయ్యి రాలేదు. నా మెట్ల వల్లే బావా. నా వల్లే."

రెండేళ్లుగా వరహాలు కాచుకుని కూర్చున్న మాట అది. వస్తే మనసు చల్లబడుతుందని అనుకున్నాడు. వచ్చింది. చల్లబడలేదు. సత్యానికి కూడా ఆ సాయంత్రమే తెలుసన్నమాట. తెలిసీ మూసేశాడన్నమాట. వరహాలుకి చెయ్యి ఎత్తి కొట్టాలనిపించింది, ఎదురుగా కూర్చున్న మనిషి ఏడుస్తున్నాడు కాబట్టి కొట్టలేకపోయాడు. కొట్టలేకపోయినందుకు ఇంకా కోపం వచ్చింది.

"తెలిసినాది గదా" అన్నాడు చివరికి. "అది నీ దగ్గరే ఉంచుకో. నా కోపం తగ్గించుకోమని మాత్రం అడక్కు. అది నా దగ్గరుంటాది."

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. తవిటయ్యకి ఎక్కడో అక్కడ మంచిమాట ఒకటి పడితే గానీ నిద్రపట్టదు. "సరే, అయిందేదో అయినాది. హాల్లో ఆ అట్ట మెట్లు కూడా పీకీద్దాం ఇంక. ఉన్నది ఉన్నట్టే కదా ఉండాలి, ఇప్పుడు మెట్లు లేవు గదా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఒకడు హాలు వైపు బయల్దేరాడు కూడా.

"ఆగు" అన్నాడు సత్యం.

ఇటుకల మీంచి లేచి నిలబడ్డాడు. పైన అతని గుమ్మంలో కామేశ్వరి నిలబడి వద్దన్నట్టు తల ఊపుతోంది. ఆవిడ వైపు చూడలేదు.

"ఆ అట్ట మెట్లు ఉండనీ. బీచ్ రోడ్డుకి అలగే ఎల్లనీ. ఊరంతా సూసినా సరే. ఎవలివని అడిగితే నా పేరు సెప్పమను ఆ బొమ్మల పాపని. కట్టినోణ్ణి నానే."

వరహాలు సత్యం ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లకి గోడ వైపు కాకుండా, సూటిగా ముఖంలోకి. చూసి, భోజనం క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సాయంత్రానికి ఈ ఇటికలన్నీ ఎత్తించు" అన్నాడు. "దారిలో ఉండకూడదు."

అని మలుపు తిరిగి, గాజువాక ఆటో కోసం మెయిన్ రోడ్డు వైపు వెళ్లిపోయాడు.